సంతకం ఎవరిది? వెలిగే రంగు మందుల ప్రయోగాలూ, మన సంఘాలూ

గత నెలలో విడవలూరు దగ్గర ఒక పల్లె సంఘానికి వాక్యం చెప్పడానికి వెళ్లాము. ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోతున్న వేళ ఒక సహోదరి వెనుక నిలబడి, చేతిసంచిలోంచి కాగితాల కట్ట తీసి మా చేతిలో పెట్టింది. నలభై దాటిన మనిషి. భర్త రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలింది, ఆపరేషన్ చేయాలన్నారు. దూరపు నగరంలోని ఆసుపత్రి అది. ఆపరేషన్‌కు కొన్ని గంటల ముందు ఒక రంగు మందు నరంలోకి ఎక్కించి, ప్రత్యేకమైన కెమెరాతో చూస్తూ గడ్డ తీస్తారట. ఇది ఇంకా ప్రయోగ దశలో ఉందనీ, ఇష్టమైతే సంతకం పెట్టమనీ చెప్పి ఈ కాగితాలు ఇచ్చారు.

"అయ్యగారూ, మీరు చదివి చెప్పండి. పెట్టమంటే పెడతాను, వద్దంటే మానేస్తాను" అంది.

ఆ ఆసుపత్రి పేరు, మందు పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పు జరిగిందని మేము అనడం లేదు. పైగా ఇంటికి తీసుకెళ్లి చదువుకోమని కాగితాలు ఇవ్వడం మంచి పనే. మమ్మల్ని ఆపింది ఆమె అన్న మాట. ముప్పై ఏళ్ల పరిచర్యలో ఇలాంటి ప్రశ్నకు "ప్రార్థన చేసుకుని పెట్టేయమ్మా" అని మేము ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పాము. కాగితం చదవకుండానే చెప్పాము. అందుకే ఈ వారం సంపాదకీయం ఈ విషయానికే కేటాయించాము.

ముందు ఆ రంగు మందు సంగతి. క్యాన్సర్ ఆపరేషన్‌లో సర్జన్‌కు ఎప్పుడూ ఉండే చిక్కు అంచుల దగ్గరే. గడ్డ ఎక్కడ ముగిసిందో, మంచి కండ ఎక్కడ మొదలైందో కంటితో చూసి, వేలితో తడిమి తేల్చుకోవాలి. తీసిన ముక్కను ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తే గానీ అంచుల్లో క్యాన్సర్ మిగిలిందో లేదో తెలియదు. ఆ ఫలితం రావడానికి రోజులు పడుతుంది. మిగిలిందని తేలితే మళ్లీ బల్ల ఎక్కాలి. రొమ్మును పూర్తిగా తీసేయకుండా గడ్డ మాత్రమే తీసే ఆపరేషన్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ రెండో ఆపరేషన్ తప్పడం లేదని వైద్యులు చెబుతారు. కూలి మానుకుని, అప్పు చేసి, కోవూరు మీదుగా పెన్న దాటి, రైలెక్కి నగరానికి చేరే మనిషికి రెండో ఆపరేషన్ అంటే ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

మిగిలిపోయిన క్యాన్సర్ తనంతట తానే వెలిగి కనిపిస్తే? ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఫ్లోరెసిన్ అనే పసుపుపచ్చ రంగును జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లోనే తయారు చేశాడు. 1940ల చివర్లో అమెరికాలో జార్జ్ మూర్ అనే సర్జన్ దాన్ని మెదడు గడ్డల ఆపరేషన్లలో వాడి చూశాడు. మనలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు ఈ రంగు పరిచయమే. కంటి వెనుక పొర ఫొటోలు తీసే ముందు చేతి నరంలోకి ఎక్కించేది ఇదే. ఆ రోజంతా మూత్రం పచ్చగా వస్తే భయపడి ఫోన్ చేసిన సంఘ సభ్యులు మాకు తెలుసు. ఇండోసయనిన్ గ్రీన్ అనే మరో రంగుకు అమెరికాలో 1959లోనే అనుమతి వచ్చింది. రక్తం ఎంత బాగా పారుతోందో చూడడానికి మన దేశపు ఆసుపత్రుల్లో కూడా వాడుతున్నారు.

విడవలూరు తీరంలో రొయ్యల రైతులకు 'వెలుగు' అనగానే వేరే గుర్తుకొస్తుంది. వైబ్రియో జాతి బాక్టీరియా పట్టిన గుంటలో చీకటి పడ్డాక రొయ్యలు మెరుస్తాయి. ఆ మెరుపు చూస్తే రైతు గుండె జారుతుంది. అయితే ఆ బాక్టీరియా తన వెలుగును తానే పుట్టిస్తుంది. ఈ రంగు మందులు అలా కాదు. ఒక రకం కాంతి తమ మీద పడితేనే, దాన్ని పీల్చుకుని మరో రకం కాంతిగా వదులుతాయి. కొన్నింటి వెలుగు మామూలు కంటికి కనబడదు, కెమెరా తెర మీదే కనిపిస్తుంది.

పాత రంగులకు క్యాన్సర్‌కూ మంచి కండకూ తేడా పెద్దగా తెలియదు. కొత్తవాటిని క్యాన్సర్‌నే వెతుక్కుంటూ వెళ్లేలా తయారు చేస్తున్నారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ లో అనే రసాయన శాస్త్రవేత్త పరిశోధనల నుంచి పాఫోలాసియనిన్ అనే మందు వచ్చింది. గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది కదా, దానికోసం అండాశయ క్యాన్సర్ కణాలు మామూలు కణాల కన్నా ఎక్కువ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అణువుకు రంగును తగిలించి పంపితే ఆ కణాలు పట్టుకుంటాయి. 134 మంది స్త్రీల మీద దీన్ని పరీక్షించినప్పుడు, కంటికీ వేలికీ దొరకని క్యాన్సర్ మచ్చ కనీసం ఒకటి ఈ వెలుగులో దొరికినవారు 26.9 శాతం. 2021 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, మరుసటి ఏడాది ఊపిరితిత్తుల ఆపరేషన్లకు కూడా ఇచ్చింది.

విడవలూరు సహోదరి సమస్యకు దగ్గరగా ఉన్నది మరొకటి, పెగులిసియనిన్. రొమ్ము గడ్డ తీసేసిన తరువాత ఆ గుంతలో ఇంకా ఏమైనా మిగిలిందా అని వెతికే మందు ఇది. 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. అప్పట్లో కొన్ని పత్రికలు 'క్యాన్సర్‌ను పట్టిచ్చే వెలుగు' అన్న ధోరణిలో రాశాయి. ఆ ప్రయోగ ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి. వాటిని కాస్త నిదానంగా చదువుదాం.

అందులో ప్రతి ఒక్కరికీ ముందు మామూలు పద్ధతిలోనే ఆపరేషన్ పూర్తి చేశారు. ఆ తరువాతే రంగు వెలుగులో చూసి, వెలిగిన చోట అదనంగా కండ తీశారు. అంటే ప్రయోగంలో చేరినందువల్ల ఎవరికీ అందాల్సిన మామూలు చికిత్స తగ్గలేదు. ఇది మెచ్చుకోదగ్గ ఏర్పాటు. అలా చూసిన 357 మందిలో 27 మందికి, అంటే 7.6 శాతం మందికి, సర్జన్ వదిలేసిన క్యాన్సర్ ఈ వెలుగు వల్ల దొరికింది. అంచుల్లో క్యాన్సర్ మిగిలిన 62 మందిలో 9 మందికి రెండో ఆపరేషన్ తప్పింది. ఆ 9 మంది ఇళ్లలో అది చిన్న మాట కాదు. కానీ నాణేనికి రెండో వైపు కూడా అదే నివేదికలో ఉంది. క్యాన్సర్ నిజంగా ఉన్న అంచుల్లో దాదాపు సగమే వెలిగాయి, 49.3 శాతం. క్యాన్సర్ లేని అంచుల్లో కూడా నూటికి దాదాపు పదిహేను వెలిగాయి. ఆ వెలుగును నమ్మి తీసింది మంచి కండే. మందు ఎక్కించుకున్న 406 మందిలో ఇద్దరికి ప్రాణం మీదికి తెచ్చే అనాఫిలాక్సిస్ అనే అలర్జీ వచ్చింది. అందుకే ఈ మందు కాగితం మీద ఆ హెచ్చరికను పెట్టెగీసి మరీ ముద్రించాలని ఎఫ్‌డీఏ షరతు పెట్టింది.

మెదడు గడ్డల విషయంలో జర్మనీలో 2006లో ప్రచురితమైన ప్రయోగం కూడా ఇలాంటిదే చెబుతుంది. 5-ఏఎల్‌ఏ అనే ద్రావకం ముందుగా తాగించి నీలి కాంతిలో ఆపరేషన్ చేస్తే 65 శాతం మందిలో కనబడే గడ్డంతా తీయగలిగారు, మామూలు వెలుతురులో 36 శాతం మందిలోనే. ఆరు నెలలకు వ్యాధి పెరగకుండా ఉన్నవారు కూడా మొదటి గుంపులోనే ఎక్కువ. కానీ మొత్తం ఆయుష్షులో మాత్రం స్పష్టమైన తేడా తేలలేదు.

బేత్సయిదా గుడ్డివాడు మాకు ఇక్కడ గుర్తుకొస్తాడు. ప్రభువు మొదట ముట్టినప్పుడు అతనికి మనుషులు చెట్లలాగా కనిపించారని మార్కు రాశాడు. కనిపిస్తోంది గానీ సరిగ్గా కనిపించడం లేదని అతడు దాచకుండా చెప్పాడు. స్వస్థపరచినవాణ్ని నొప్పిస్తామేమోనని 'అంతా బాగుంది' అనలేదు. మంచి ప్రయోగ నివేదిక కూడా ఇంత నిజాయితీగానే ఉండాలి. రంగు మందుల మీద వచ్చిన ఈ నివేదికలు చాలావరకు అలాగే ఉన్నాయి. ఆ నిజాయితీ నగరంలోని ఆసుపత్రి నుంచి విడవలూరు దాకా ప్రయాణం చేస్తుందా అన్నదే మా సందేహం. 357లో 27 అన్న మాట, ఇద్దరికి వచ్చిన అలర్జీ మాట, 'మంచి మందమ్మా, కొత్తగా వచ్చింది' అన్న ఒక్క వాక్యంలో కరిగిపోతే?

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. తెలుగు నేల మీద దీనికి చరిత్ర ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే పరిశీలన జరిగింది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. ఆ పిల్లల్లో చాలామంది గిరిజన వసతి గృహాల్లో ఉన్నవారు. ఐదుగురు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా చెడ్డదని కూడా మేము అనడం లేదు, ప్రపంచమంతటా వాడుతున్న టీకా అది, ఎందరినో కాపాడుతోంది. కానీ 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయాక సమ్మతి పత్రాలు బయటికి తీశారు. పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద వసతి గృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయుల సంతకాలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ వార్డెన్లు దుర్మార్గులని మేము అనుకోము. పైనుంచి మంచి పని అని చెప్పారు, పిల్లలకు మేలని నమ్మారు, పెట్టేశారు. ఆ అమ్మానాన్నల తరఫున తాము మాట్లాడవచ్చని ఎవరూ అడగకుండానే అనుకున్నారు. ఇక 2011లో పల్నాటి పిడుగురాళ్లలో పేద స్త్రీలను డబ్బు ఆశ చూపి హైదరాబాదుకు ఔషధ పరీక్షలకు తీసుకెళ్లిన ఉదంతంలో ఆ మంచి ఉద్దేశం కూడా లేదు. అది వేరే కథ.

తోటి సేవకులతో ఒక మాట. ఖమ్మంలో వార్డెన్ ఉన్న చోటే మన పల్లెల్లో మనం ఉన్నాము. "మీరు పెట్టమంటే పెడతాను" అన్నది భక్తి మాట, నమ్మకపు మాట. వినగానే మనకు లోలోపల కాస్త సంతోషం కూడా కలుగుతుంది. కానీ ఆమె శరీరం మీద నిర్ణయం ఆ మాటతో మన చేతికి వచ్చేసింది. పాస్టరు గారు సరే అన్నాక భర్త ఎదురు చెప్పడు, అత్త చెప్పదు, ఆమె తన భయం తానే మింగేస్తుంది. యెరికో దారిలో బర్తిమయి కేకలు వేస్తే అతనికి ఏం కావాలో ప్రభువుకు తెలియదా? అయినా అతన్ని దగ్గరికి పిలిపించి, నీకు ఏం చేయాలని అడిగాడు. గుంపులో పెద్దవాళ్లను అడగలేదు.

చట్టం కూడా ఇదే వైపు ఉంది. 2013లో సుప్రీంకోర్టు కల్పించుకున్న తరువాత నియమాలు గట్టిపడ్డాయి, 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి వచ్చింది. చదవడం రాని మనిషి చేరేటప్పుడు, ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరు వివరించే సమయమంతా అక్కడే ఉండి సంతకం చేయాలి. సమయమంతా అన్న మాటను గమనించండి. వివరణ అయిపోయాక పాస్టరు గారికి కాగితం తెచ్చి చూపితే ఆ సాక్ష్యం చెల్లదు. బలహీన స్థితిలో ఉన్నవారిని కొత్త రసాయన మందు ప్రయోగంలో చేర్చుకునేటప్పుడు ఆ వివరణను వీడియో తీయాలి. సమ్మతి పత్రం నకలు రోగికి ఇవ్వాలి. చేరకపోయినా, చేరి మధ్యలో మానుకున్నా, మామూలు చికిత్సకు అడ్డు రాకూడదు. ప్రయోగం వల్ల హాని కలిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. మన దేశంలో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్ పేరు సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ పట్టికలో ఉండాలి, ఫోన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. సంఘంలో డిగ్రీ చదివే పిల్లలకు ఇది అయిదు నిమిషాల పని. అలాంటి పిల్లలు ఇప్పుడు ప్రతి సంఘంలో ఉన్నారు.

ఇదంతా చదివి 'అయితే ప్రయోగాల జోలికే పోవద్దు' అనుకునేవారికి మా జిల్లా అనుభవమే ఒకటి గుర్తు చేయాలి. 2021 మేలో కోవిడ్ రెండో అల మధ్యలో కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేల మంది వచ్చిపడ్డారు. విశ్వాసులూ వెళ్లారు, సేవకులూ వెళ్లారు, వాళ్లను తప్పుపట్టే హక్కు మాకు లేదు. ఆక్సిజన్ దొరకని రోజులవి. ప్రభుత్వం పంపిణీ ఆపి, పరీక్షలు చేయించి, మే 31న కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. ఆ మందు పని చేసిందా లేదా అన్న వాదన రచ్చబండ మీద ఈనాటికీ తెగలేదు. ఎందుకు తెగలేదు? తీసుకున్నవారినీ తీసుకోనివారినీ పక్కపక్కన పెట్టి లెక్క చూసే పద్ధతిలో పరీక్షించలేదు గనుక. పెగులిసియనిన్ మీద మనం పైన రాసిన ప్రతి అంకె, మేలుదీ కీడుదీ, కొందరు స్త్రీలు తెలిసి సంతకం పెట్టి ఆ బల్ల ఎక్కినందువల్లే మనకు తెలిసింది. మేము దాన్ని తక్కువ చేసి మాట్లాడలేము. ఇతరుల కోసం చేసిన పనిగానే చూస్తాము. అయితే తెలిసి చేస్తేనే. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మనకు కొత్త కాదు. ఆ సహోదరికి లెక్క చూసుకునే అంకెలు ఇవ్వకుండా త్యాగం చేయమనడం న్యాయం కాదు.

ఇంతకీ విడవలూరులో ఏం జరిగిందంటే, ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాము. పెట్టమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. ఆమె కొంచెం నొచ్చుకుంది కూడా. 'అడిగితే చెప్పరేంటి అయ్యగారు' అన్నట్టు చూసింది. ఆడపడుచు కూతురు నర్సింగ్ చదువుతోంది, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి తెలుగు ప్రతిని పేజీ పేజీ చదివించాము. తెలుగు అన్నారు గానీ, సగం మాటలు ఆ అమ్మాయికే అర్థం కాలేదు. అర్థం కాని చోటల్లా సంఘం క్యాలెండరు వెనుక ప్రశ్నగా రాసుకున్నాము. ఈ మందు ఇంతకుముందు ఎంతమందికి ఇచ్చారు, వారిలో ఎందరికి అలర్జీ వచ్చింది? రంగు వెలగకపోతే క్యాన్సర్ లేనట్టేనా? ప్రయోగంలో చేరకపోతే ఆపరేషన్ అదే రోజు జరుగుతుందా, వెనక్కి జరుపుతారా? డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు చెల్లుతుందా? ఇంటికి వచ్చాక అర్ధరాత్రి ఒళ్లు దద్దుర్లు లేచి ఊపిరి ఆడకపోతే, ఈ కాగితం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవారు ఎత్తుతారా? కాగితంలో నీతి సంఘం నంబరు కూడా ఉంది. డాక్టరు జవాబు నచ్చకపోతే వాళ్లను నేరుగా అడగవచ్చని చెప్పాము. అలా ఉంటుందని ఆమెకే కాదు, భర్తకూ తెలియదు.

చివర్లో ఆమె తనంతట తాను ఒక ప్రశ్న చేర్చమంది. "నా మీద చూసిన మందు బాగా పనిచేస్తే, రేపు మా వీధిలో ఇంకొకామెకి ఇట్లా వస్తే, నెల్లూరు పెద్దాసుపత్రిలో ఇస్తారా? లేక డబ్బున్నోళ్లకేనా?"

మేము రాసుకున్న ప్రశ్నల్లో ఇది లేదు. ఇంత చదివిన మాకు తట్టనూ లేదు. ఇలాంటి రంగు మందులకు మందు ధరతో పాటు కెమెరా ధర కూడా ఉంటుంది. పేద ఆసుపత్రులకు అందేలా చౌక దారి వెతికినవారూ లేకపోలేదు. రొమ్ము క్యాన్సర్‌లో చంకలోని గ్రంథులను గుర్తించడానికి ఢిల్లీ ఎయిమ్స్ సర్జన్లు ఖరీదైన సరంజామా బదులు కంటి పరీక్షకు వాడే ఆ పాత ఫ్లోరెసిన్‌నే మెథిలిన్ బ్లూతో కలిపి వాడి చూశారు. అలాంటి పని కర్నూలులో, గుంటూరులో, నెల్లూరులో ఎందుకు జరగకూడదని అడగవలసింది ఆ సహోదరి ఒక్కతే కాదు.

ఆమె ఇంకా సంతకం పెట్టలేదు. వచ్చే వారం మళ్లీ నగరానికి వెళ్తోంది. ఆడపడుచు కూతురు సెలవు పెట్టి తోడు వెళ్తోంది. క్యాలెండరు కాగితం మడిచి బైబిలు సంచిలో పెట్టుకుంది.